ముడి కనపడేలా కట్టిన ఊరు

ఇల్లు కట్టించేవాళ్లంతా ప్లాను చూస్తారు. వంటిల్లు ఎటు, దేవుడి గది ఎటు, మెట్లు ఏ మూల అని వేలు పెట్టి మరీ చూస్తారు. కాస్త డబ్బున్నవాళ్లు ఎలివేషను కూడా గీయించుకుంటారు. సెక్షను అడిగేవాళ్లు మాత్రం అరుదు. పుచ్చకాయని నిలువునా కోసినట్టు కట్టడాన్ని పైనుంచి కిందికి కోసి, పునాది దగ్గర్నుంచి పిట్టగోడ దాకా దేని మీద ఏముందో చూపించే బొమ్మ అది. ఉత్తర ఫ్రాన్సులోని లీల్ నగరంలో ఒక హైస్పీడ్ రైలు స్టేషనుంది. దాని పేరు లీల్ యూరప్. దాని చుట్టూ ఆఫీసులు, దుకాణాలు, హోటళ్లు, ఇళ్లు, కచేరీ హాళ్లతో లేచిన పేట యూరాలీల్. ఈ రెండింటి ప్లాను ఎంతసేపు చూసినా నాకు గందరగోళంగానే ఉండేది. సెక్షను చూశాకే ఆ పనితనం అర్థమైంది. ఇక్కడ నైపుణ్యమంతా నిలువుగా ఉంది.

ముందు అంత నేల అక్కడ ఎలా మిగిలిందో చెప్పుకోవాలి. 1667లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ ఈ ఊరిని స్పెయిన్ ఏలుబడి నుంచి గెలుచుకున్నాడు. ఆయన దగ్గర కోటల పనిలో అంతటివాడు లేడనిపించుకున్న ఇంజనీరు వొబాఁ ఉండేవాడు. ఊరికి బురుజులు, అగడ్తలు పెట్టి గట్టి చేశాడు. కోటగోడ అవతల కొంతమేర ఎవరూ ఏమీ కట్టకూడదని ఆంక్ష ఉండేది. శత్రువు నక్కడానికి గుడిసె ఉండకూడదు, ఫిరంగి చూపుకి అడ్డం ఉండకూడదు. ఇరవయ్యో శతాబ్దంలో గోడలు పోయాయి గానీ ఆ ఖాళీ పోలేదు. కొంత సైన్యం చేతిలో, కొంత రైల్వే చేతిలో, కొంత రింగురోడ్డు కింద ఉండిపోయింది. 1980ల్లో కూడా ఊరి నడిబొడ్డు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక పెద్ద బీడు ఉండేది. యూరాలీల్ మొదటి విడత 70 హెక్టార్లు పరుచుకుంది ఈ చోటే. ఫిరంగుల కోసం వదిలిన జాగా మూడు వందల ఏళ్ల తర్వాత రైలుకి పనికొచ్చింది.

పాత స్టేషను కథ ఒకటుంది, చెప్పకుండా ముందుకెళ్లలేను. దాన్ని ఇప్పుడు లీల్ ఫ్లాండర్స్ అంటున్నారు. దాని ముఖభాగం లీల్ కోసం కట్టింది కాదు. 1846లో పారిస్‌లో మొదటి ఉత్తర స్టేషను కట్టారు. పదిహేనేళ్లు తిరక్కుండానే అది చాలక, మరింత పెద్దది కట్టాలనుకున్నారు. పాతదాని ముందుగోడని రాయి రాయిగా విప్పి లీల్‌కి తెచ్చి మళ్లీ పేర్చారు. పైన ఒక అంతస్తు, ఒక గడియారం చేర్చారు. అమ్మ పెళ్లినాటి నగని కరిగించకుండా, రెండు పూసలు కలిపి కూతురికి పెట్టినట్టు. కానీ అది చివరి స్టేషను. రైలు ముక్కుసూటిగా లోపలికి వచ్చి ఆగాల్సిందే, వచ్చిన దారినే వెనక్కి పోవాల్సిందే. లండన్ నుంచి బ్రస్సెల్స్‌కో పారిస్‌కో దూసుకుపోయే బండికి అలాంటి స్టేషను పనికిరాదు.

1986 జనవరి 20న ఫ్రాన్సు అధ్యక్షుడు మిత్తెరాఁ, బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ కలిసి ఇంగ్లిష్ ఛానల్ కింద రైలు సొరంగం తవ్వుతామని ప్రకటించారు. ఆ ప్రకటన జరిగింది లీల్‌లోనే. అప్పటికి ఆ ప్రాంతం బతుకు ఏమంత బాగా లేదు. లీల్, రూబే, టూర్‌క్వాఁ అనే పక్కపక్క ఊళ్లలో బట్టల మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి, పక్కనే బొగ్గు గనులు కూడా. లీల్ మేయరు పియెర్ మొరువా 1981 నుంచి 1984 దాకా ఫ్రాన్సు ప్రధానమంత్రిగా చేసినవాడు. సొరంగానికి పోయే కొత్త రైలు లైను తన ఊరి పక్కనుంచి పోతే ఏమవుతుందో ఆయనకి బాగా తెలుసు. రైల్వే ఇంజనీర్ల లెక్క వేరు. గంటకి 300 కిలోమీటర్ల వేగంతో పోయే లైను తిన్నగా ఉంటే ఖర్చు తక్కువ, ఊళ్లోకి మలిపితే తడిసి మోపెడవుతుంది. స్టేషను పొలాల్లో పెట్టేస్తే సరి.

అలా పొలాల్లో పెట్టినది ఒకటి ఇదే లైను మీద ఉంది కూడా. అమియాఁ, సాఁ కాఁతాఁ ఊళ్ల మధ్య, రెండిటికీ కాకుండా కట్టిన స్టేషనుకి జనం బీట్‌రూట్ల స్టేషనని పేరు పెట్టారు. చుట్టూ చక్కెర బీట్‌రూట్ చేలే మరి. మొరువా ఆ గతి తన ఊరికి పట్టనివ్వలేదు. అదనపు ఖర్చులో స్థానిక సంస్థలు వాటా పెట్టుకుంటామన్నాయి, లైను ఊళ్లోకి వచ్చింది. ఈ రాజకీయ పట్టుదల లేకపోతే తర్వాత ఏ డిజైనరూ చేయగలిగేది ఏమీ ఉండేది కాదు.

1988లో డిజైనరుని ఎంచుకున్న తీరు కూడా విచిత్రం. ఎనిమిది మంది ఆర్కిటెక్టుల్ని పిలిచారు, నలుగురు ఫ్రెంచివాళ్లు, నలుగురు పరాయి దేశస్థులు. బొమ్మ గీసుకురావద్దన్నారు. ఈ చోట ఏం చేయాలో, ఎందుకు చేయాలో నోటితో చెప్పమన్నారు. నెగ్గింది రోటర్‌డామ్‌కి చెందిన రెమ్ కూల్హాస్. ఆర్కిటెక్టు కాకముందు ఆయన పత్రికా విలేకరి, సినిమా కథలు కూడా రాసేవాడు. మాటకారి కాబట్టి నెగ్గాడని తేలిగ్గా అనేయొచ్చు. నేను అలా అనను. బొమ్మ అడిగితే అందరూ అందమైన ఎలివేషన్లు తెచ్చి చూపించేవారు. మాట అడగడం వల్ల ఆలోచన బయటపడింది. స్టేషను బాగుచేయడం అంటే ముఖభాగం మార్చి, లోపల ఎస్కలేటర్లు పెట్టి, పైన ఒక ఫుడ్‌కోర్టు కట్టడమే అనుకునే మన దగ్గర ఈ పద్ధతి ఒక్కసారైనా ప్రయత్నించి చూడొచ్చు.

ఇక అసలు పనిలోకి. ఊరి మధ్య రైలు అంటే ఎక్కడైనా వచ్చే కష్టం, అది ఊరిని రెండు ముక్కలు చేస్తుంది. బెజవాడలో పట్టాలకి పడమట ఒన్‌టౌన్, ఇవతల మిగతా ఊరు. మధ్యలో అండర్‌బ్రిడ్జీలు, వానొస్తే వాటి కింద నీళ్లు. దీనికి విరుగుడుగా అందరికీ తోచేది రైలుని సొరంగంలో పెట్టి, పైన తోట పరిచి, కింద ఏమీ లేనట్టు నటించడం. లీల్‌లో కూడా స్టేషనుకి ముందు లైను నేల కిందే వస్తుంది. కానీ స్టేషను దగ్గరికి వచ్చేసరికి కూల్హాస్ ఆ దాపరికాన్ని ఒప్పుకోలేదు. నేలని స్టేషను వైపు వాల్చాడు. ముందున్న మూడు మూలల మైదానం పట్టాల వైపు దిగుతూ పోతుంది. దాని అంచున స్టేషను పక్కగోడ పొడుగునా అద్దం. దాంతో ఊళ్లో నిలబడినవాడికి లోపల ఆగిన బండి కనపడుతుంది, బండిలో కూర్చున్నవాడికి ఊరు కనపడుతుంది. స్టేషను ఊరికి ఒక కిటికీ అయింది. పైకి ఆడంబరమేమీ లేని పని ఇది, మట్టి తవ్వి నేల వాలు మార్చడమే. కానీ మొత్తం పథకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఊరు ఇంత కొట్లాడి రైలుని లోపలికి తెచ్చుకుంది గదా, తెచ్చుకున్నాక దాన్ని భూమిలో పాతేస్తే ఆ కొట్లాటకి అర్థమేముంది?

దీనికి దగ్గర్లోనే, కింద, ఇంకొక చోటుంది. రైలు, మెట్రో, కారు పార్కింగు, రోడ్డు, నడక దారి అన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకునే చోట ఏ ఇంజనీరైనా అంతస్తుకొక శ్లాబు వేసి, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క పెట్టెలో మూసేస్తాడు. వీళ్లు అక్కడ శ్లాబులు వేయకుండా నిలువుగా ఒక పెద్ద ఖాళీ వదిలారు. మెట్లు, ఎస్కలేటర్లు, లిఫ్టులు, కాంక్రీటు దూలాలు ఆ ఖాళీలో అడ్డంగా, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతాయి. మెట్రో నుంచి పైకొచ్చేవాడు తలెత్తితే తను వెళ్లబోయే చోటు కనపడుతుంది. దానికి వాళ్లు పిరనేసి పేరు పెట్టుకున్నారు. పద్దెనిమిదో శతాబ్దంలో అంతులేని మెట్లతో, వంతెనలతో ఊహా చెరసాలల్ని రాగిరేకుల మీద చెక్కిన ఇటలీ కళాకారుడు ఆయన. చెరసాలల బొమ్మల పేరు స్టేషనుకి పెట్టడం చమత్కారమో, కొంత హెచ్చరికో. పెద్ద స్టేషన్లలో మనిషి దారి తప్పేది గోడల వల్ల. ఇక్కడ గోడలు తీసేశారు. చిక్కుముడిని విప్పలేదు, విప్పడం సాధ్యం కాదు కూడా. ఆ ముడి ఎలా పడిందో చూసేవాడికి తెలిసేలా కట్టారు.

అక్కడి మెట్రో గురించి ఒక్క ముక్క. డ్రైవరు లేకుండా నడిచే మెట్రోని రోజువారీ రవాణాకి పెట్టుకున్న మొట్టమొదటి నగరాల్లో లీల్ ఒకటి, 1983లోనే. చిన్న పెట్టెలు, చిన్న స్టేషన్లు, వెంటవెంటనే బళ్లు. అది అప్పటికే ఉండబట్టి కొత్త స్టేషనుకి వేళ్లు ఊరంతా పాకాయి. మెట్రో లేని చోట ఇలాంటి స్టేషను కడితే దాని చుట్టూ మిగిలేది కార్ల బారే.

ముడి అన్నాను గదా, అది కాంక్రీటులోనే కాదు, కాగితాల్లో కూడా వేశారు. ఈ పథకాన్ని నడిపిన సంస్థకి పెద్ద జాఁ పోల్ బయెత్తో. రైల్వే, నగరపాలిక, ప్రాంతీయ ప్రభుత్వం, బ్యాంకులు, మాల్ కట్టేవాళ్లు, రోడ్ల శాఖ, ఇంతమంది భాగస్వాములు. పార్కింగు గోడ మెట్రోకి ఆసరా, మెట్రో కప్పు రోడ్డుకి నేల. ఇలా ఒకరి పని మీద ఇంకొకరిది నిలబడేలా అల్లేస్తే మధ్యలో ఎవరూ చేతులు దులుపుకుని వెళ్లలేరు. ఒకడు ఆగితే అందరూ ఆగుతారు, అందుకని ఎవరూ ఆగరు. లైను తెరిచే తేదీ నెత్తి మీద ఉంది, దాన్ని జరపడానికి లేదు. కంపు గొట్టే ఫైళ్ల మధ్య ఏళ్లు గడిచిపోయే పనుల్ని చూసిన మనకి ఇది కొత్త రకం తెలివిలా తోస్తుంది. 1988 చివర్లో ఆర్కిటెక్టు కుదిరాడు. 1993లో లైను తెరిచారు. 1994లో మాల్, సభా భవనం తెరుచుకున్నాయి. అదే ఏడాది నవంబర్ 14న లండన్ నుంచి యూరోస్టార్ బళ్లు మొదలయ్యాయి.

స్టేషను భవనం కూల్హాస్ గీసింది కాదు. ఫ్రెంచి రైల్వే ఆర్కిటెక్టు జాఁ మరీ ద్యుతియెల్ గీశాడు. కప్పు విషయంలో తోడు నిలిచింది ఐరిష్ ఇంజనీరు పీటర్ రైస్. సిడ్నీ ఓపెరా హౌస్‌లో, పారిస్ పాంపిదూ సెంటర్‌లో పనిచేసినవాడు. దాదాపు 400 మీటర్ల పొడవుండే బండి ఆగే చోటు అది. అంత పొడుగు కప్పుకి లావాటి దూలాలు వేస్తే గోదాములా ఉంటుంది. రైస్ సన్నని ఉక్కు గొట్టాల కమానులు పెట్టాడు. వాటి మీద కప్పు గాలికి కదిలిన గుడ్డలా అలలు తిరుగుతుంది. కింద నిలబడి చూస్తే బరువు ఏ దారిన నేలకి దిగుతోందో వెంటనే అంతుపట్టదు. ఇంత పెద్ద కట్టడాల్లో కూడా చేసినవాడి చెయ్యి కనపడాలని రైస్ నమ్మకం. పాపం, ఆయన 1992లోనే పోయాడు. కప్పు పూర్తవడం చూడలేదు.

ఆ కప్పు మీదుగా, పట్టాలకి అడ్డంగా నిలబడ్డాయి టవర్లు. పక్కనే అంత నేలుండగా స్టేషను నెత్తి మీద ఎందుకు కట్టాలి? రైళ్లు పోయే చోట పునాది మనం కోరిన చోట పడదు. పట్టాల మధ్య ఎక్కడ కాలు మోపడానికి సందుంటే అక్కడే మోపాలి. ఖర్చు ఎక్కువ, అదురు ఎక్కువ. కూల్హాస్ వాదన ఏమిటంటే, ఆ చోటు విలువ గజాల్లో లేదు, గంటల్లో ఉంది. పారిస్ గంట, బ్రస్సెల్స్ అరగంటకి కాస్త పైన, లండన్ గంటన్నర లోపు. అలాంటి చోట ఆఫీసు పెట్టేవాడు లీల్‌లో ఉన్నాడనడం కన్నా మూడు రాజధానుల మధ్య ఉన్నాడనడం సబబు. అందుకే ఆఫీసు లిఫ్టు రైలు మీదే దిగాలి.

ఆ టవర్లలో ఒకటి క్రిస్టియన్ ద పోర్ట్‌జాంపార్క్ గీసినది. మొదట ఒక పెద్ద బ్యాంకుది, ఇప్పుడు లీల్ టవరంటారు. కింద సన్నగా మొదలై పైకి పోయేకొద్దీ వెడల్పయ్యి పక్కకి ఒరుగుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని మంచు మీద జారేవాళ్లు తొడుక్కునే బూటుతో పోల్చారు. పోలిక కుదిరింది, కాదనలేం. రెండోది క్లోద్ వాస్కోని గీసినది, నిటారుగా, బుద్ధిగా ఉంటుంది. రెండు స్టేషన్ల మధ్య ముక్కోణపు జాగాలో జాఁ నువెల్ మాల్ కట్టాడు. అంతా ఒకే పెద్ద ఏటవాలు కప్పు కింద దుకాణాలు, అంచున హోటళ్లు, ఆఫీసులు, ఇళ్లు. పేరున్న ఒక సంగీత కచేరీ వేదిక కూడా ఆ మాల్‌లోనే ఉంది. సూపర్‌మార్కెట్ సంచులు మోసుకుపోయేవాళ్లు, రాక్ సంగీతానికి వచ్చిన కుర్రాళ్లు, రైలు అందుకోవాలని పరిగెత్తేవాళ్లు అందరిదీ ఒకటే దారి. రకరకాల పనుల్ని ఒకచోట కలపడమంటే బ్రోషర్లో రంగురంగుల గళ్లు గీయడం కాదు, ఇదీ.

కూల్హాస్ తన సంస్థకి ఉంచుకున్నది ఒక్కటే, పట్టాల అవతల ఉన్న సభా భవనం. 300 మీటర్ల పొడవున గుడ్డు ఆకారంలో ఉంటుంది. కచేరీ హాలు, సమావేశ మందిరాలు, ప్రదర్శనశాల మూడూ ఒకే గుడ్డులో. మధ్య తలుపులు తెరిస్తే ఒకటే చోటు అవుతుంది. కట్టడం లెక్కలు కొలంబోలో పుట్టిన ఇంజనీరు సెసిల్ బాల్మండ్‌వి. డబ్బు తక్కువ కాబట్టి ప్లాస్టిక్ రేకులు, ప్లైవుడ్, పూత లేని కాంక్రీటు వాడారు. చవకని దాచిపెట్టకుండా చూపించారు. దగ్గరికెళ్తే కొన్నిచోట్ల మోటుగానే ఉంటుంది. దూరం నుంచి గంభీరంగా ఉంటుంది. నా మటుకు, పెళ్లిమండపంలో థర్మోకోల్ స్తంభాలకి బంగారు రంగు వేయడం కన్నా ఇది వెయ్యి రెట్లు మర్యాద.

మొత్తం మీద పెద్ద మేస్త్రీగా కూల్హాస్ చేసింది ఎవరు ఎక్కడ, ఎంత ఎత్తున కట్టాలో తేల్చి పక్కకి తప్పుకోవడం. అప్పటికి వీళ్లెవరికీ ఆర్కిటెక్టులకిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి రాలేదు. పోర్ట్‌జాంపార్క్‌కి 1994లో, కూల్హాస్‌కి 2000లో, నువెల్‌కి 2008లో వచ్చింది.

లోపాలు లేవా? ఉన్నాయి. స్టేషను మీద వరసగా చాలా టవర్లు కట్టాల్సింది. 1990ల మొదట్లో భూముల ధరలు కుప్పకూలాయి, రెండే లేచాయి. వరసగా చాలా ఉంటే సరిపోయే కూర్పు రెండుంటే వెలితిగా ఉంటుంది, నోట్లో ఊడిన పళ్ల సందులా. ముందున్న మైదానంలో గాలి కొడుతుందని, స్టేషను చలిగా ఉంటుందని మొదట్నుంచీ ఫిర్యాదులే. కిటికీ పెద్దదైతే చలి కూడా వస్తుంది మరి. మొదటి విడతలో ఆఫీసులు, దుకాణాలే ఎక్కువ, కాపురాలు తక్కువ. అందుకని రాత్రి పొద్దుపోయాక కొన్ని మూలలు బోసిగా ఉండేవి. తప్పు తెలుసుకుని 2000 తర్వాత కట్టిన రెండో విడతలో ఇళ్లకి, చెట్లకి చోటిచ్చారు. ఆ పేటకి అడవి కాపురం అనే అర్థమొచ్చే పేరు పెట్టారు.

చివరగా మట్టి. ఇంత పెద్ద గొయ్యి తవ్వితే వచ్చిన మట్టిని ఏం చేస్తారు? లారీల్లో ఊరవతల పారబోస్తారు. ఇక్కడ దాన్ని పక్కనున్న మాతిస్ పార్కులో దాదాపు 7 మీటర్ల ఎత్తు దిబ్బగా పోసి, చుట్టూ నిటారు గోడ కట్టారు. తోటల రూపకర్త జీల్ క్లెమాఁ దాని మీద ఒక అడవిని వదిలేశాడు. స్విట్జర్లాండ్‌లో గొడ్డలి పడని ఒక అడవి పేరే దీనికీ పెట్టాడు, దెర్బొరాఁస్ అని. పైకి మెట్లు లేవు, ఎవరికీ ప్రవేశం లేదు. అప్పుడప్పుడు వృక్షశాస్త్రజ్ఞులు నిచ్చెన వేసుకుని ఎక్కి ఏం మొలిచిందో లెక్క రాసుకుని దిగుతారు. గజం విలువ గంటల్లో కొలిచే చోట ఇంత నేలని ఏ పనికీ పెట్టకుండా వదలడానికి కూడా చెయ్యి తిరిగి ఉండాలి.

మీరు లండన్ నుంచి బ్రస్సెల్స్‌కో పారిస్ నుంచి లండన్‌కో పోతూ లీల్‌లో బండి మారాల్సి వస్తే, వెయిటింగ్ హాల్లో ఫోను చూసుకుంటూ కూర్చోకండి. బయటికెళ్లి వాలుగా ఉన్న మైదానంలో నిలబడి వెనక్కి తిరిగి చూడండి, అద్దంలోంచి మీ బండి కనపడుతుంది. తర్వాత నడుచుకుంటూ పాత స్టేషను దాకా వెళ్లండి. పారిస్ నుంచి వచ్చిన ఆ రాతి ముఖాన్ని చూసి రావడానికి అరగంట చాలు. కోటు మాత్రం మరిచిపోకండి, గాలి కొడుతుంది.